త్యాగరాజ కృతికి డ్రమ్స్, గిటార్: ఎంతవరకు ఒప్పుకుంటారు?

గోదారిగట్టు:
సూటిగా అడుగుతున్నాను. మా కాలనీ వేడుకల్లో ఒక బ్యాండ్ వాళ్ళు ‘గిరిపై నెలకొన్న’ పాడారు. సహానా రాగం. వెనక డ్రమ్స్, బేస్ గిటార్, కీబోర్డ్. పాడిన అమ్మాయి గొంతు బాగుంది, శ్రుతి తప్పలేదు, జనం చప్పట్లు కూడా బాగానే కొట్టారు. నాకు మాత్రం చివరిదాకా కూర్చోవడం కష్టమైంది. త్యాగరాజస్వామి సిద్ధి పొందడానికి కొద్ది రోజుల ముందు పాడారని చెప్పుకునే కృతి అది. కొండ మీద కొలువైన రాముణ్ణి చూశాను, ఒళ్ళు పులకరించి ఆనందబాష్పాలతో మాట తడబడుతుంటే పది పూటల్లో కాపాడతానన్నాడు అని ఆయన చెప్పుకుంటున్నారు. ఆ మాటల వెనక ఆ డ్రమ్ దెబ్బలు ఏమిటండీ? దీన్ని ఛాందసం అంటే అననివ్వండి. ఫ్యూజన్ మొత్తాన్నే వద్దనాలా, లేక దానికో హద్దు ఉందా? ముఖ్యంగా పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు ఏమంటారో వినాలని ఉంది.

కీబోర్డ్_కుర్రాడు:
అంకుల్, ఆ బ్యాండ్ మాది కాదు. కానీ మేమూ ఇలాంటివే వాయిస్తాం కాబట్టి జవాబు చెప్పాలనిపించింది. నేను వర్ణాల (కృతులకి ముందు నేర్పే పాఠాలు) దాకా గాత్రం నేర్చుకుని తర్వాత కీబోర్డ్‌కి వచ్చాను, మాకు కృతి మీద గౌరవం లేదనుకోవద్దు. మీరు ప్రతి కచేరీలో వినే వయోలిన్ ఎక్కడిది? యూరప్‌ది. దాన్ని తెచ్చి మన పాట పక్కన కూర్చోబెట్టిన రోజున అది ఫ్యూజన్ కాదా? తర్వాత మాండొలిన్ వచ్చింది, సాక్సోఫోన్ వచ్చింది, ఇప్పుడు ఎవరూ కాదనరు. గిటార్ దగ్గరికి వచ్చేసరికి అపచారం ఎలా అయింది? ఇంకో సంగతి, మా కార్యక్రమాలకి వచ్చే ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామంది త్యాగరాజ కృతి మొదటిసారి వినేది మా దగ్గరే. వాళ్ళు సభలకి ఎందుకు రావట్లేదో కూడా ఎవరైనా అడగాలి కదా.

వీణపాఠం:
బాబూ, వయోలిన్ మాట అందరూ తెస్తారు, అది ఎలా వచ్చిందో చివరిదాకా ఎవరూ చెప్పరు. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో యూరోపియన్ వాద్యకారుల దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు వడివేలు కూడా దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ఒకరు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు వాయించి ఊరుకోలేదు వాళ్ళు. తీగల శ్రుతి మార్చి స-ప-స-ప చేశారు. నిలబడి గడ్డం కింద పట్టుకునే వాద్యాన్ని మనవాళ్ళు నేల మీద కూర్చుని, దాని తలని పాదానికి ఆనించి వాయిస్తారు, ఎడమచెయ్యి బరువు మోయక్కర్లేకుండా తీగ పొడవునా జారుతుంది. ఇదంతా దేనికోసం? గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం కోసం. పాట మారలేదు, వాద్యమే పాటకు లొంగింది.

మీ బ్యాండ్‌లో జరిగేది దీనికి ఎదురు. కీబోర్డ్‌లో పన్నెండు మెట్లు కదలకుండా ఉన్నాయి, కార్డ్స్ అని మూడు నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కుతారు, పాడేవాళ్ళు ఆ మెట్ల మీదకి దిగి రావాలి. తోడి రాగంలో గాంధారం సంగతే చూడు. సాధారణ గాంధారం అని పుస్తకంలో రాసి ఉంటుంది, పాడేటప్పుడు అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది, ఒకచోట నిలబడితే అసలు తోడి అనిపించదు. ఆ స్వరాన్ని కదలకుండా పెట్టి దాని మీద కార్డ్ కడితే పాడే మనిషి ఒక పక్క, కార్డ్ ఒక పక్క. బేగడ మధ్యమం, సహానా మొత్తం, నీలాంబరి, యదుకుల కాంభోజి, ఇవన్నీ ఇంతే. సహానా మీద కార్డ్స్ వేయడమంటే ఆత్రేయపురం పూతరేకు మీద ఇటుక పెట్టడమే. గోదారిగట్టు గారికి ఇబ్బందిగా అనిపించిన కారణం అదే అయివుంటుంది, డ్రమ్స్ కన్నా ఎక్కువ.

గోదారిగట్టు:
నా మనసులో ఉన్నది మీరు చెప్పారమ్మా. నాకు సంగీతం రాదు, వినడమే తెలుసు. ఆ అమ్మాయి ఎక్కడో స్వరాన్ని సాగదీయబోయి ఆగిపోతున్నట్టు అనిపించింది, ఎందుకో అర్థం కాలేదు.

కీబోర్డ్_కుర్రాడు:
వీణపాఠం మేడం, పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందకీ జరిపే చక్రం) ఉంది కదా? కీబోర్డ్ మీద గమకాలు వాయించి పూర్తి కచేరీలు చేసేవాళ్ళు ఉన్నారు.

వీణపాఠం:
ఉన్నారు, నేను విన్నాను, గౌరవిస్తాను. వాళ్ళు ఒక్కొక్క స్వరమే వాయిస్తారు నాన్నా, కార్డ్స్ వేయరు. మామూలు కీబోర్డ్ మీద కార్డ్ పట్టుకుని ఆ చక్రం తిప్పితే స్వరాలన్నీ కలిసి జరుగుతాయి, ఒక్కటి ఊగి మిగతావి నిలబడవు. కార్డ్ కావాలంటే గమకం పోతుంది, గమకం కావాలంటే కార్డ్ వదులుకోవాలి. ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోవచ్చు కానీ రెండూ ఉన్నాయని చెప్పకూడదు.

పాతరికార్డులు:
మంచి చర్చ. కానీ ‘సంప్రదాయం’ అనేటప్పుడు మనం దేన్ని అంటున్నామో కాస్త చూసుకోవాలి, ఎందుకంటే అది మనం అనుకున్నంత పాతది కాదు. ఇప్పుడు వింటున్న కచేరీ పద్ధతి, అంటే వర్ణంతో మొదలుపెట్టి, చిన్నా పెద్దా కృతులు వరసగా పేర్చి, మధ్యలో తని (మృదంగం ఒంటరిగా వాయించే భాగం), చివర్లో పదాలు జావళీలు తిల్లానాలు, ఇది అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారి (1890–1967) కాలంలో స్థిరపడింది. మైకు వచ్చాక శ్రుతులు దిగాయి, గొంతు పెట్టే తీరు మారింది. ఆ మార్పుని ఏ సభా ఆపలేదు.

దీక్షితార్ సంగతికి వస్తే, సెయింట్ జార్జ్ కోట బ్యాండ్ బాణీలకు ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నోటుస్వరాలు అంటాం. దాదాపు నలభై, అన్నీ శంకరాభరణంలో. ‘సంతతం పాహిమాం’ అంటూ పిల్లలకు నేర్పేది బ్రిటిష్ జాతీయగీతం బాణీ. అదే మనిషి కాశీలో ఉండి వచ్చి హిందుస్తానీ వాసన ఉన్న రాగాల్లో ‘పరిమళ రంగనాథం’, ‘చేతః శ్రీ’, ‘జంబూపతే’ లాంటివి ఇచ్చారు. త్యాగరాజస్వామివి ‘గతమోహాశ్రితపాల’, ‘రమించువారెవరురా’, ‘వరలీల గానలోల’ పాడి చూడండి, బ్యాండు మేళం నడక స్పష్టంగా వినిపిస్తుంది. తిరువయ్యారు పక్కనే తంజావూరు, అక్కడ శరభోజీ ఆస్థానం, పాశ్చాత్య వాద్యాలు, ఆయన చెవులు మూసుకుని కూర్చోలేదు.

అన్నమయ్య సంగతి మరీ. తిరుమల భాండాగారంలోంచి రాగిరేకులు బయటికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, బాలమురళి గారు, ఇంకా ఎందరో కూర్చుని బాణీలు కట్టారు. ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో వింటూ కళ్ళు చెమ్మగిల్లే మనం, అది నేదునూరి గారి స్వరరచన అని చాలాసార్లు గుర్తుంచుకోం. అయిదు వందల ఏళ్ళ నాటి పాట అనుకుంటాం. సాహిత్యం అయిదు వందల ఏళ్ళది, బాణీ మన తాతల కాలానిది.

తనియావర్తనం:
అందరూ రాగం గురించే మాట్లాడుతున్నారు, లయ ఎవరికీ పట్టదు ఎప్పుడూ. మృదంగం వాయిస్తాను, సభల్లోనూ వాయిస్తాను, ఫ్యూజన్ బ్యాండ్లతోనూ వాయిస్తాను. అక్కడ మొదట వచ్చే తగువు క్లిక్‌తో. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి టిక్ టిక్ మనే చప్పుడికి అందరూ కట్టుబడాలి. మన కాలప్రమాణం కూడా పరుగెత్తకూడదు, అది నిజమే, కానీ పాడేవాళ్ళు ఒక సంగతి (అదే పాదాన్ని మార్చి మార్చి పాడటం) దగ్గర ఊపిరి తీసుకుంటే నేను వాళ్ళతో ఉంటాను. క్లిక్ ఉండదు. రెండోది, డ్రమ్మర్ రెండో దెబ్బా నాలుగో దెబ్బా స్నేర్ అనే డ్రమ్ మీద గట్టిగా వేస్తాడు. కృతి సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా అర అక్షరం దాటి ఎత్తుకున్నదైతే, ఆ దెబ్బ మాట మధ్యలో పడుతుంది. సాహిత్యం ఎక్కడ బరువు అడుగుతుందో తెలిసి వాయించే డ్రమ్మర్లు కూడా ఉన్నారు, కానీ వాళ్ళు కూర్చుని పాట నేర్చుకున్నవాళ్ళు.

ఇక డబ్బు సంగతి, ఇది చెప్పకపోతే ఈ చర్చకి అర్థం లేదు. దారి ఖర్చులు కూడా ఇవ్వకుండా ‘పిల్లలకి అవకాశం ఇస్తున్నాం’ అనే నిర్వాహకుల దగ్గర వాయించాను. ఫ్యూజన్ కార్యక్రమంలో ఒక సాయంత్రానికి వచ్చేది, ఇలాంటి చాలా సాయంత్రాలు కలిపినా రాదు. ఇల్లు గడవాలి. సంప్రదాయం కాపాడాలనేవాళ్ళు ముందు పక్కవాద్యం వాడికి ఎంత ఇస్తున్నారో చూడాలి, గాయకులకి శాలువా, మాకు కాఫీ అయితే ఎలా?

నళినకాంతి:
అన్నా, ఆ శాలువా సంగతి గాయకులకి కూడా అంతే, నమ్ము.

నాది ఇంకో బాధ. తెలుగు కృతి ఫ్యూజన్‌లోకి వెళ్ళగానే మొదట దెబ్బ తినేది తెలుగు. ‘మనవ్యాలకించరాదటే’ని ఎన్ని బ్యాండ్లు తీసుకున్నాయో లెక్కలేదు, నళినకాంతి రాగం పరుగు వాళ్ళకి నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది (పేరు చూశారుగా). మనవి ఆలకించవా మనసా అని తన మనసునే బతిమాలే పాటని సవాలు విసిరినట్టు గట్టిగా అరుస్తారు. మాట ఎక్కడ విరగాలో తెలియదు, అనుపల్లవి ఒకసారి పాడేసి చరణం వదిలేస్తారు, ఆ ఖాళీలో గిటార్ సోలో. చరణంలోనే కదా త్యాగరాజు అసలు చెప్పదలుచుకున్నది ఉంటుంది. వినేవాళ్ళు తెలుగువాళ్ళు, పాడేవాళ్ళు చాలాసార్లు తెలుగువాళ్ళే, అయినా మాట అర్థం అవ్వాలన్న పట్టుదల లేదు. అలాగని సభలో పాడేవాళ్ళందరూ తెలుగు శుద్ధంగా పలుకుతారని కూడా నేను అనను. అక్కడ కనీసం గురువు తిడతారన్న భయం ఉంటుంది.

అట్లాంటా_అమ్మ:
మా పిల్లల విషయం చెప్తాను. ఇక్కడ పుట్టినవాళ్ళు, పొద్దున స్కూల్ ఆర్కెస్ట్రాలో వయోలిన్, సాయంత్రం ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం. వాళ్ళకి ఇవి రెండు వేరు ప్రపంచాలు కావు. మా అమ్మాయి శంకరాభరణం వినగానే ‘ఇది మేజర్ స్కేల్ కదా’ అంటుంది, కీరవాణి వింటే హార్మోనిక్ మైనర్ అంటుంది. నేను కాదనను. కానీ వాళ్ళ టీచరు గారు ఒక పని చేశారు, శంకరాభరణం నిషాదాన్ని పాడించి, అదే పియానో మీద నొక్కించి, రెండిట్లో తేడా ఏమిటో నువ్వే చెప్పు అన్నారు. ఆ తర్వాత అమ్మాయి స్కేల్ అనడం మానలేదు గానీ, ‘ఈ నోట్ ఊగాలి’ అని కూడా అంటోంది. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, అక్కడ పిల్లలు పంచరత్నాలు అప్పగించినట్టు పాడతారు, అది చూస్తే సంప్రదాయం ఏమీ పోవట్లేదనిపిస్తుంది. ఇంటికొచ్చి వాళ్ళే ఫ్యూజన్ వీడియోలు చేసుకుంటారు. నాకు రెండూ ఇష్టమే.

శుద్ధమధ్యమం:
క్షమించాలి, నేను ఇంత మెత్తగా మాట్లాడలేను. ‘అది కూడా ఒకప్పుడు కొత్తే’ అనే వాదనతో దేన్నైనా ఒప్పించేయొచ్చు. బాలమురళి గారు నాలుగు స్వరాలతో మహతి, లవంగి అని రాగాలు కట్టినప్పుడు వీణ బాలచందర్ గారు బహిరంగంగా ఎదిరించారు. ఆ పట్టుదల ఉన్న మనుషులు ఇప్పుడు లేరు. ఇప్పుడు ఎవరు ఏం చేసినా ‘వావ్’. విమర్శ లేని చోట విద్య నిలవదు.

పాతరికార్డులు:
విమర్శ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ ఉదాహరణ మీ వాదనకి పనికిరాదండీ. బాలమురళి గారు ఏమీ నేర్చుకోకుండా కొత్తదనం అన్న మనిషి కాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు, పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన త్యాగరాజస్వామికి స్వయానా శిష్యులు. ఆ పరంపరలో కూర్చుని డెబ్బై రెండు మేళకర్త (మూల) రాగాల్లోనూ కృతులు రాశాకే ఆయన రాగాలు కట్టారు, భీమ్‌సేన్ జోషి గారితో జుగల్‌బందీ పాడారు. మహతిలో ‘మహనీయ మధుర మూర్తే’ తన గురువు మీద రాసుకున్న పాట. హంసధ్వని కూడా ఎవరో ఒకరు కట్టిందే కదా, ముత్తుస్వామి దీక్షితార్ తండ్రిగారు రామస్వామి దీక్షితార్. ఇప్పుడు దాన్ని హిందుస్తానీ వాళ్ళు కూడా సొంతం చేసుకున్నారు.

పట్టుదలతో వద్దనడం వల్ల ఏమవుతుందో హార్మోనియం చూపించింది. ఆలిండియా రేడియో 1940లో దాన్ని బయట పెట్టింది, గమకం పలకదనే కారణంతో. 1971 దాకా రానివ్వలేదు. రేడియోలో లేకపోయినంత మాత్రాన నాటకాల్లో, భజనల్లో, హరికథల్లో అది ఆగిందా?

శుద్ధమధ్యమం:
ఆగలేదు, కానీ కారణం సరైనదే కదా, గమకం పలకదన్నది అబద్ధం కాదు. పరంపర గురించి మీరు చెప్పింది మాత్రం నా మాటకే బలం. ముందు నేర్చుకోవాలి, తర్వాత మార్చాలి. ఇప్పటి వాళ్ళు వర్ణాల దగ్గర ఆపేసి మార్పు మొదలుపెడుతున్నారు.

కీబోర్డ్_కుర్రాడు:
అది నన్ను ఉద్దేశించే అన్నారని తెలుసు సర్. తీసుకుంటాను. కానీ అందరూ బాలమురళి గారి స్థాయికి వచ్చాకే కొత్తగా ఏమైనా చెయ్యాలంటే ఎవరూ ఏమీ చెయ్యరు.

తనియావర్తనం:
మధ్యలో వస్తున్నా. ఫ్యూజన్ అంటే అందరికీ ఈ యూట్యూబ్ బ్యాండ్లే గుర్తొస్తాయి, ‘శక్తి’ అనే జట్టుని వినండి. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయోలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రాం ఘటం. 1976లో మొదటి ఆల్బమ్. ఆ ఇంగ్లీషాయన ముందు వీణ నేర్చుకున్నాడు. తర్వాత గిటార్ ప్రత్యేకంగా చేయించుకున్నాడు, మెట్ల మధ్య చెక్కని లోపలికి గుంటగా చెక్కించి, తీగ నొక్కి లాగితే గమకం పలికేలా. కింద తంబురాలాగా మోగడానికి అడ్డంగా వేరే తీగలు. వీణపాఠం గారు వయోలిన్ గురించి చెప్పిందే ఇది. ఆ తర్వాతి జట్టులో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు చేరారు. ఇంకా చాలా ఏళ్ళకి, 2024లో, ఆ పేరు మీదే గ్రామీ వచ్చింది, అప్పటికి శ్రీనివాస్ గారు లేరు.

గోదారిగట్టు:
శ్రీనివాస్ గారి పేరు వచ్చింది కాబట్టి, మా పక్క ఊరి బిడ్డ, ఒక్క మాట. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదట. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటని తీగ మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ, అప్పటికి వయసు తొమ్మిదేళ్ళు.

వీణపాఠం:
అసలు విషయం అక్కడే ఉంది. వాద్యం నేర్పే గురువు లేడు, పాట నేర్పే గురువు ఉన్నాడు. ఆ పాట పలకాలి కాబట్టి ఆయన జంట తీగల మాండొలిన్ వదిలేసి, అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ పెట్టుకున్నారు. జంట తీగని లాగితే రెండూ ఒకేలా పలకవు, ఒంటి తీగ పలుకుతుంది, కింది స్థాయి కూడా అందుతుంది. మొదట్లో దీని మీద కర్ణాటకం రాదన్నవాళ్ళే తర్వాత ముందు వరసలో కూర్చున్నారు. చిట్టిబాబు గారిని చూడండి, కాకినాడ మనిషి, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యులు, వీణ మీద కోయిల కూత పలికించారు. గురువుగారు రేడియోలో వాద్యబృందాలకి సంగీతం కట్టారు. అది చూసి వీణ మైలపడిందని నేను ఏనాడూ అనుకోలేదు, ఎందుకంటే వాళ్ళు వీణ మీదే నిలబడి చేశారు.

కాబట్టి బాబూ, గిటార్ తెచ్చావా లేదా అని నేను అడగను. గిటార్ వాయించే అబ్బాయి ఆ కృతిని నోటితో పాడగలడా? అది అడుగుతాను. బేస్ వాయించేవాడికి చరణం వచ్చా? రాకపోతే అతను వాయించేది ఆ పాట కాదు, పక్కన ఇంకో పాట.

నళినకాంతి:
ఇది చాలా నచ్చింది. మా బ్యాండ్ మిత్రులకి ఇదే పంపిస్తున్నాను.

కీబోర్డ్_కుర్రాడు:
మేడం, మా గిటారిస్టు పాడలేడు. డ్రమ్మర్ అసలు పాడడు. ఇప్పుడు వాళ్ళని కూర్చోబెట్టి నేర్పాలంటే ఏ కృతితో మొదలుపెట్టమంటారు? కార్డ్స్ కూడా పూర్తిగా మానెయ్యమంటే మా వాళ్ళు ఒప్పుకోరు, ఆ సంగతి ముందే చెప్తున్నాను.

వీణపాఠం:
కార్డ్స్ మానక్కర్లేదు, చోటు చూసుకో. పాతరికార్డులు గారు చెప్పిన నోటుస్వరాలు ఉన్నాయిగా. ‘శక్తిసహిత గణపతిం’, ‘శ్యామలే మీనాక్షి’, ఇవి బ్యాండ్ బాణీల మీద పుట్టినవే, స్వరాలు ఊగవు, కార్డ్స్ హాయిగా కూర్చుంటాయి. దీక్షితార్ వాటికి ఆలాపనలు, సంగతులు పెట్టకుండా తిన్నగానే వదిలేశారు. నాలుగైదు చిన్న పాటలు, బ్యాండ్ అంతా నోటితో పాడటం నేర్చుకోవచ్చు. అక్కణ్ణుంచి ‘గతమోహాశ్రితపాల’కి రండి. తర్వాత హంసధ్వనిలో ‘రఘునాయక’, అక్కడ మాత్రం కార్డ్స్ తగ్గించి బేస్ షడ్జమం, పంచమం దగ్గర నిలపండి, పాటకి చోటు వదలండి. తోడి, సహానా, బేగడ జోలికి ఇప్పట్లో పోవద్దు.

తనియావర్తనం:
క్లిక్ లేకుండా సాధన చేస్తామంటే నేను వస్తాను, డబ్బు అడగను. మీ డ్రమ్మర్‌ని చేత్తో తాళం వేస్తూ పాడమను, మూడు రోజులు చాలు, స్నేర్ ఎక్కడ కొట్టకూడదో అతనికే తెలుస్తుంది.

శుద్ధమధ్యమం:
నోటుస్వరాలకి నాకు అభ్యంతరం లేదు. ‘రఘునాయక’ చరణంతో సహా పాడతామంటే వచ్చి వింటాను. వదిలేస్తే మళ్ళీ ఇక్కడే రాస్తాను.

నళినకాంతి:
నేను పాడతాను. కానీ నా శ్రుతి ఐదున్నర. ఇదివరకు ఒక బ్యాండ్‌లో గిటార్‌కి కుదరదని నన్ను కిందకి దించి పాడించారు, మంద్రంలో ఏమీ వినపడలేదు.

కీబోర్డ్_కుర్రాడు:
ఐదున్నర అంటే జి షార్ప్. గిటార్‌కి మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగిస్తే మావాడు జి మేజర్ వేళ్ళతోనే వాయిస్తాడు, నా కీబోర్డ్‌లో ఒక్క మీట నొక్కితే సరి. మీ శ్రుతి మార్చక్కర్లేదు. తనియావర్తనం అన్నా, ఆదివారం సాయంత్రం ఖాళీయేనా? స్థలం పర్సనల్‌గా పంపిస్తాను.